దీవిలో మంచినీళ్లు

సముద్రం చూడడానికి పోయినవాళ్లు సముద్రాన్ని చూస్తారు. వనిత మాత్రం పడవ ఎక్కినప్పటి నుంచి తన యారాలు కల్పన వీపునే చూస్తూ కూర్చుంది. అన్నదమ్ముల పెళ్లాలు ఇద్దరూ. కథలాపూర్ దగ్గరి ఊళ్లో ఒకే గోడకు అటొకరు ఇటొకరు కాపురం చేస్తూ మూడేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ముఖం చూడకూడదు కనుక వీపు చూడాలి. ఆ వీపును వనిత ఎంతగా చూసిందంటే, జాకెట్టు మీద దర్జీ ఎక్కడ కుట్టు తప్పాడో కూడా చెప్పగలదు.

వనిత కాళ్ల మధ్య తెల్లటి నీళ్ల క్యాన్ ఉంది. కింద చిన్న నల్లా ఉన్న క్యాన్. ఊరి నుంచి తెచ్చుకున్నవే ఆ నీళ్లు, వాళ్ల సొంత ప్లాంటువి. అవతల కల్పన ఒడి పక్కన నీలం క్యాన్ ఉంది. అది కోరుట్లలో కొన్నది. ఒకే ఇంటివాళ్లు, ఒకే బండిలో వచ్చినవాళ్లు, రెండు క్యాన్లు మోసుకుని సముద్రం మీద పోతున్నారంటే పడవ నడిపే మనిషికి కూడా వింతగానే ఉంది. అతడు రెండు క్యాన్లనీ చూశాడు, ఇద్దరు ఆడవాళ్లనూ చూశాడు, ఏమీ అడగలేదు.

అడిగితే ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. చెప్పడానికి ఆ ఊళ్లో ఎవరికీ సిగ్గు లేదు.

వాళ్ల మామ కొమురెల్లి గౌడ్ బతికున్నంత కాలం తాళ్లెక్కి కల్లు గీశాడు. కొడుకులు ఎక్కలేదు. పెద్దవాడు వీరేందర్ కోరుట్లలో మోటర్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. చిన్నవాడు రవీందర్ ఊళ్లోనే మంచినీళ్ల ప్లాంటు పెట్టాడు. ఊరివాళ్లు క్యాన్లు తెచ్చుకుంటే నల్లా దగ్గర నిలబడి నింపి ఇచ్చేది రవీందర్ పెళ్లాం వనిత. నవ్వుతూ నింపేది, కాస్త ఎక్కువే పోసేది. మూడేళ్ల కింద వీరేందర్‌కు కడుపునొప్పి లేచింది. మెలికలు తిరిగిపోయాడు. కల్పన మొగుణ్ని ఆసుపత్రికి కాకుండా గంభీరావుపేట అవతల ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్లింది. అతడు మందు కక్కించేవాడు.

మందు పెట్టడమంటే తెలియనివాళ్లకు చెప్పాలి. తిండిలోనో నీళ్లలోనో ఏదో కలిపి ఇచ్చి మనిషిని మంచాన పడేయడం. అలాంటిది ఉందో లేదో ఎవరూ కళ్లారా చూడలేదు గాని, దాన్ని కక్కిస్తామనే మనుషులు మాత్రం కోరినన్ని దొరుకుతారు. ఆ మనిషి వీరేందర్‌తో ఏదో పసరు తాగించి కక్కించాడు. పళ్లెంలో వెంట్రుకల ఉండ ఒకటి చూపించి, "మీ ఇంటి ఆడిదే నీళ్లల్ల కలిపిచ్చింది" అన్నాడు. ఇంటి ఆడది ఎవరు? తాను కాదని కల్పనకు తెలుసు. అత్త దేవవ్వ వీరేందర్ కన్నతల్లి. ఇక మిగిలింది వనిత. పైగా నొప్పి లేవడానికి ముందే వీరేందర్ ఎండనబడి వచ్చి తమ్ముడి ఇంట్లో చెంబెడు నీళ్లు తాగాడు. ఇంకేం కావాలి? కల్పన వాకిట్లో నిలబడి, గోడ మీద నుంచి, ఊరంతా వినేలా వనిత పుట్టుకనూ చేతినీ తిట్టింది.

తర్వాత జగిత్యాలలో డాక్టరు స్కానింగ్ తీసి కిడ్నీలో రాయి ఉందని చూపించాడు. కల్పన ఆ ఫిల్మును వెలుతురులో పట్టి చూసి, "గా మందే గడ్డగట్టి రాయయింది" అంది. ఊరు తల ఊపింది. ఇలాంటి వాటికి తల ఊపడంలో మన ఊళ్లను మించినవి లేవు.

ఆ రోజు నుంచి వనిత నింపిన క్యాన్ ఒక్కరు ముట్టుకోలేదు. "రవీందర్ లేడా? అచ్చినంక నింపుకుంటం తియ్యి" అని క్యాన్లు అక్కడే పెట్టి పోయేవాళ్లు. కొన్నాళ్లకు రవీందరే తల వంచుకుని, "నువ్వు నల్ల కాడ నిలబడకు, గిరాకి పోతుంది" అన్నాడు. మొగుడి నోట ఆ మాట వచ్చిన రోజు వనిత అన్నం తినలేదు. సొంత ప్లాంటులో సొంత నల్లా ముట్టుకోవడానికి లేని మనిషి అయింది. చుట్టపుచూపుగా ఎవరైనా వస్తే గ్లాసు అందుకుని, పెదవులకు ఆనించి, మాటల్లో పడినట్టు నటించి కింద పెట్టేవాళ్లు. వాళ్లు పోయాక ఆ నిండు గ్లాసును వనితే తీసుకెళ్లి మొక్కకు పోసేది. ఏడ్చేది, తిట్టేది, మళ్లీ గ్లాసు తోమి పెట్టేది.

ఒక్క దేవవ్వ మాత్రం అలా చేయలేదు. ఇద్దరి ఇళ్లలోనూ తింటూ తిరిగే ముసలమ్మ. రోజూ పొద్దున చిన్నకోడలి గడప మీద కూర్చుని చెంబు అడిగి తీసుకునేది. వీధిన పోయేవాళ్లకు కనిపించేలా తల వెనక్కి వంచి గటగటా తాగేది. మూతి తుడుచుకుని, "సల్లగున్నయి బిడ్డా" అని గట్టిగా అనేది. ఆ చెంబెడు నీళ్లే వనితకు ఊళ్లో మిగిలిన మర్యాద.

వనితకు కావలసింది ఒకటే. కల్పన తన చేతి నీళ్లు తాగాలి. నలుగురిలో, అడిగి మరీ తాగాలి. క్షమాపణలు అక్కర్లేదు, పంచాయితీ అక్కర్లేదు. ఆమె తాగి, ఏమీ కాకుండా లేచి నిలబడితే చాలు, ఊరు నోరు మూసుకుంటుందని వనిత నమ్మకం.

ఈ ప్రయాణం దేవవ్వ పన్నాగం. అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కింది, ఇద్దరు కొడుకులూ కోడళ్లూ ఒకే బండిలో వస్తేనే తాను కదులుతానంది. "ఒక్క బండిల కూసున్నంక ఒక్క తాన తినకపోతరా" అని లోపల లెక్క. వాళ్లు ఒకే బండిలో వచ్చారు, ఒకే చెట్టు కింద దిగారు, వేరువేరు టిఫిన్ డబ్బాలు విప్పారు. వ్రతం అయింది. స్వామి ప్రసాదం కూడా ఎవరి పొట్లం వాళ్లదే. ఇంత దూరం వచ్చాక సముద్రం చూడకుండా పోతే ఎట్లా అని రవీందర్ అంటే, డ్రైవర్ శ్రీహరి ఒక చేపల రేవుకు తీసుకొచ్చాడు. అక్కడి నుంచి పడవలో పోతే చిన్న దీవి ఉందని, మనుషులుండరని, ఇసుక బాగుంటుందని రేవులో చెప్పారు. శ్రీహరి బండి దగ్గర ఉండిపోయాడు. మిగతావాళ్లు పడవ ఎక్కారు. వీరేందర్, కల్పన, వాళ్ల నాలుగో తరగతి బిడ్డ స్వప్న, ఇటు రవీందర్, వనిత, మధ్యలో దేవవ్వ.

"ఒంటిగంటకి వచ్చేత్తానండి" అన్నాడు పడవ మనిషి వాళ్లను దింపుతూ. "నీల్లు జాగర్తండి. ఈ దీవిలో సుక్క దొరకదు."

మే నెల. ఎండాకాలం సెలవులైనా ఆ దీవి మీద వాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. సముద్రం చాలా వెనక్కి పోయి ఉంది. తడి ఇసుక విశాలంగా, గట్టిగా, చెప్పు ముద్ర పడేలా ఉంది. దాని వెనక కొంచెం ఎత్తులో సరుగుడు తోపు. వనిత తన క్యాన్ తోపులోకి మోయించుకుని, చెట్టుకు ఆనించి, పక్కనే చాప పరిచి కూర్చుంది. వీరేందర్ మాత్రం నీలం క్యాన్ పట్టుకుని నీటి అంచుకు పోయాడు.

"గీడ బొంద పెడుత. ఐసు లెక్కయితయి" అన్నాడు పెళ్లాంతో.

అది వాళ్లందరికీ తెలిసిన పనే. మనవైపు వాగుకు వనభోజనాలకు పోతే కల్లు కుండైనా నీళ్ల బిందైనా తడి ఇసుకలో మెడ దాకా పూడ్చి పెడతారు. గడియ తర్వాత తీస్తే పళ్లు జివ్వుమంటాయి. వాగు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పైన ఎక్కడో వాన పడితే తప్ప పెరగదు, ఆకాశం తెల్లగా ఉంటే భయం లేదు. సముద్రానికి వాన అక్కర్లేదని, మండే ఎండలో కూడా అది రోజూ ముందుకొచ్చి వెనక్కి పోతుందని ఆ దీవి మీదున్న ఒక్కరికీ తెలియదు. వీరేందర్ క్యాన్‌ను సగం దాకా పూడ్చి, గుర్తుకు పక్కన ఒక కర్ర పాతి, చేతులు దులుపుకుని వచ్చాడు. రవీందర్ అన్న చేసిన పని చూశాడు. మంచిదే అనుకున్నాడు. అన్నతో మాటలున్నా ఇంతకంటే ఏమీ చెప్పేవాడు కాదు.

తిన్నారు, ఎవరిది వాళ్లు. దేవవ్వ రెండు చాపల మధ్య ఇసుకలో కూర్చుని ఇటు పులిహోర అటు రొట్టె తిన్నది. ఆ తినడంలోనే ఆమె ఓడిపోయినట్టు తెలిసిపోయింది. తర్వాత వీరేందర్ కుటుంబం దీవికి అవతలి వైపు అలల్లో ఆడడానికి పోయింది. రవీందర్ తువ్వాలు ముఖం మీద వేసుకుని నిద్రపోయాడు. దేవవ్వ వనిత సంచి మీద తల పెట్టుకుని ఒరిగింది.

వనిత ఒక్కతే మేలుకుని కూర్చుంది. అప్పుడు చూసింది, సముద్రం దగ్గరికొచ్చింది. ముందు కర్ర మొదలు తడిసింది. కాసేపటికి నీలం క్యాన్ చుట్టూ నురుగు తిరిగింది. ఇంకో అల వచ్చి ఇసుకను లాక్కుపోయింది, క్యాన్ కాస్త ఒరిగింది. మరో అలకు అది లేచింది. అప్పటికే సగం తాగేసిన క్యాన్ కనుక సులువుగా తేలింది. ముందుకు వచ్చి, వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వచ్చి, ప్రతిసారీ కొంచెం దూరమైంది. లేచి పరుగెత్తితే మోకాలి లోతులో అందుకోవచ్చు. పరుగెత్తకపోయినా మొగుణ్ని లేపితే చాలు. నోరు తెరిచి ఒక్క కేక వేసినా చాలు.

వనిత నోరు తెరవలేదు.  మూడేళ్లు నిండు గ్లాసులు మొక్కకు పోసిన చేతులు ఒళ్లో పెట్టుకుని, నీలం చుక్క కనబడకుండా పోయేదాకా చూసింది. సంతోషంగా ఉందా అంటే, ఉంది. అబద్ధం ఎందుకు, చాలా సంతోషంగా ఉంది. తల తిప్పితే అత్త కళ్లు తెరిచి ఉన్నాయి. ముసలమ్మ అద్దాలు సంచిలోనే ఉన్నాయి కదా, అంత దూరం ఏం కనిపిస్తుందిలే అనుకుంది వనిత.

అలల్లో ఆడిన ముగ్గురూ నోళ్లు ఎండిపోయి తిరిగొచ్చారు. ఉప్పునీళ్లు మింగినవాళ్ల దూప మామూలు దూప కాదు. వీరేందర్ కర్ర కోసం వెతికాడు. కర్ర లేదు. అది పాతిన ఇసుకే లేదు, అక్కడ నడుము లోతు నీళ్లున్నాయి. అతడు నీళ్లలోకి దిగి, కాళ్లతో తడిమి, పిచ్చివాడిలా చుట్టూ తిరిగాడు.

"గీన్నే పెట్టిన గదా! ఎటు పాయె?"

కల్పన నీళ్ల వైపు చూడలేదు. తిన్నగా తోపు వైపు చూసింది. "ఎవలి కండ్లు పడ్డయో గదా" అంది, మూడేళ్లలో మొదటిసారి వనిత ముఖంలోకి చూస్తూ.

రవీందర్ పడవ మనిషికి ఫోన్ కలిపాడు. ఇంజిన్ పట్టేసిందని, వేరే పడవ మాట్లాడుతున్నానని, సాయంత్రం అయిపోతుందని అతడు చెప్పాడు. దేవవ్వ దగ్గర మాత్రలు వేసుకోవడానికి తెచ్చుకున్న చిన్న సీసా ఒకటి ఉంది, రేవులో శ్రీహరి కొనిచ్చింది. అది మనవరాలి చేతిలో పెట్టింది. పిల్ల రెండు గుక్కల్లో సగం తాగేసింది. వీరేందర్ బిడ్డ సీసా ముట్టనన్నాడు. పళ్లెం తీసుకుని తోపు మొదట్లో చెలిమె తోడడం మొదలుపెట్టాడు. వాగు ఇసుకలో గుంత తవ్వితే ఊరే తియ్యటి నీళ్లు తాగి పెరిగినవాడు. మోచేతుల దాకా తవ్వాడు. నీళ్లు ఊరాయి, తేటగా. ఆశగా దోసిలి పట్టి ఒక బుక్క మింగాడు, రెండో బుక్క ఊసేశాడు. ఆ గుంత అంచున కూర్చుని అతడు వగరుస్తుంటే వనితకు జాలి వేసింది. వేసినా కదల్లేదు.

ఎండ నెత్తికెక్కింది. సీసా అయిపోయింది. స్వప్న అమ్మ కళ్లు గప్పి ఇసుకలో జారుకుంటూ వచ్చింది.

"చిన్నమ్మా, దూపయితుంది."

ఆ ఒక్క మాటకు వనిత కోపం చాలావరకు కరిగిపోయింది. పిల్లతో తనకేం తగువు? గబగబా స్టీలు గ్లాసు కడిగి, నల్లా తిప్పి నిండా పట్టి ఇచ్చింది. "తాగు బిడ్డా, నిమ్మలంగ తాగు" అంది. గ్లాసు పిల్ల పెదవుల దాకా పోయిందో లేదో, కల్పన ఎక్కడి నుంచి వచ్చిందో, చేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. గ్లాసు పోయి చెట్టుకు తగిలింది. నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి.

"నా మొగనికి పెట్టింది సాలలేదా? నా బిడ్డకు గూడ పెడ్తవా?"

వనితకు ఒళ్లంతా మంట పుట్టింది. గ్లాసు తీసి, ఇసుక దులిపి, క్యాన్ మీద బోర్లించింది. క్యాన్‌ను కాళ్ల మధ్యకు లాక్కుని రెండు చేతులూ దాని మీద వేసుకుంది.

"మంచిది. ఇగ సుక్క గూడ ఇయ్య. నీ నోటితోని నువ్వడుగు. నా చేతి నీళ్లు ముందుగాల నువ్వు తాగు. గప్పుడే ఎవలకన్న."

"సత్త గని తాగ" అంది కల్పన.

"సావు."

రవీందర్ లేచి వచ్చాడు. "ఏందే గిది? పిల్ల ఉన్నది, అన్న ఉన్నడు. ఇయ్యి" అని క్యాన్ మీద చెయ్యి వేశాడు. వనిత నల్లా మీద వేలు పెట్టింది.

"ముట్టినవంటె మొత్తం ఉసికెల ఇడుస్త. ఇన్నొద్దులు నల్ల కాడ నిలబడొద్దన్నవ్ గదా? నిలబడలె. ఇయ్యాల నల్ల నా కాడికే అచ్చింది."

రవీందర్ చెయ్యి తీసేశాడు.  దేవవ్వ ఇద్దరు కోడళ్లనూ పేరు పెట్టి పిలిచింది, బతిమాలింది, తలకొట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ చెవిన వేసుకోలేదు.

కాసేపటికి వీరేందర్ నడుం పట్టుకుని లేచాడు. డాక్టరు రోజంతా నీళ్లు తాగుతూ ఉండమని చెప్పిన మనిషి. ముఖం పాలిపోయి, చెమట కూడా ఆరిపోయి ఉంది. తమ్ముడి పెళ్లాం ముందుకొచ్చి నిలబడి, తల వంచుకుని, "వనితా, ఒక్క గిలాస ఇయ్యమ్మా" అన్నాడు.

వనిత లేచి నిలబడింది. మర్యాద తప్పలేదు. "బావా, నీ మీద నాకేం కోపం లేదు. నా చేతి నీళ్లు ఎన్నిసార్లు తాగినవో నీకెరుకే. గని అక్క తాగినంకనే నీకు. ఆమె అన్నది, ఆమె తాగాలె."

అతడు పెళ్లాం వైపు చూశాడు. కల్పన తల తిప్పుకుంది. అతడు రెండడుగులు వేసి ఇసుకలో కూలబడ్డాడు. నొప్పి లేచింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఇసుకను పిడికిళ్లతో పట్టుకుని మూలుగుతున్నాడు. స్వప్న ఏడుపు అందుకుంది. ఇప్పుడైనా ఇచ్చేయాలని వనితకు అనిపించింది. చెయ్యి గ్లాసు దాకా పోయింది కూడా. అప్పుడే కల్పన లేచింది. లేవడం చూసి వనిత చెయ్యి ఆగిపోయింది. మూడేళ్లుగా చూడాలనుకున్నది కళ్ల ముందుకు నడిచి వస్తుంటే ఎవరి చెయ్యి మాత్రం ఆగదు?

కల్పన తిన్నగా రాలేదు. ముందు బిడ్డను తీసుకెళ్లి దేవవ్వ ఒడిలో కూర్చోబెట్టింది. "అత్తా, పొల్ల పైలం" అంది. పుస్తెలు తీసి కళ్లకద్దుకుని మళ్లీ జాకెట్టులో వేసుకుంది. మొగుడి పక్కన వంగి, "నాకేమన్నయితె బిడ్డను మా అవ్వగారింట్ల ఇడువకు. నువ్వే సాదు" అని చెప్పింది. ఆ తర్వాత వచ్చి వనిత ముందు నిలబడింది.

"వనితా, నీళ్లు పొయ్యి."

ఆ మాట కోసం వనిత ఎన్ని రాత్రులు ఎదురు చూసిందో. వచ్చాక దాన్ని వినలేకపోయింది. ఎదుట ఉన్న మనిషి పెదవులు వణుకుతున్నాయి. ఆమె వంగి దోసిలి పట్టింది. వనిత నల్లా తిప్పింది. నీళ్లు దోసిట్లో సగం నిలిచి సగం కారిపోయాయి. కల్పన కళ్లు మూసుకుని, దేవుడి పేరు ఏదో గొణిగి, ఒక్కసారిగా మింగేసింది. మళ్లీ పట్టింది, మళ్లీ మింగింది. తర్వాత పోయి వీరేందర్ పక్కన కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసుకుని ఎదురు చూసింది.

ఎదురు చూస్తోంది! అది అర్థం కాగానే వనిత క్యాన్ మీది చెయ్యి తీసేసింది. ఇన్నేళ్లూ కల్పనది కుళ్లుబోతుతనం అనుకుంది, కావాలని ఆడిన అబద్ధం అనుకుంది. అబద్ధమైతే నలుగురిలో కడిగేయవచ్చు. కాని ఈ మనిషి నమ్ముతోంది. ప్రాణం పోతుందని నిజంగా నమ్మి, మొగుడి కోసం తాగింది. వనిత పోసినవి మంచినీళ్లే. కల్పన తాగింది మాత్రం విషమే.

రవీందర్ గ్లాసు నింపుకుని అన్న దగ్గరికి పోతే కల్పన చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. నాకేం గాకపోతెనే ఈయన తాగుతడు. జరంతసేపు ఆగు."

"అక్కా, తాపియ్యే!" వనిత పరుగున వచ్చింది. "బావ పానం పోతుంది. నేనేం కలపలె. ఒట్టు, నేనేం కలపలె. నీ కాళ్లు మొక్కుత, తాపియ్యి."

ఇందాకటి దాకా క్యాన్ మీద చేతులేసుకుని కూర్చున్నది తానే. ఇప్పుడు ఆ నీళ్లే తాగమని బతిమాలుతున్నదీ తానే. కల్పన ఆమె వైపు చూడనైనా లేదు. చివరికి రవీందర్ వదినను పక్కకు నెట్టి, అన్న తల ఎత్తి పట్టుకుని నీళ్లు పోశాడు. సగం లోపలికి పోయాయి, సగం చెంపల మీద కారాయి. స్వప్నకు దేవవ్వ పట్టించింది. కల్పన తోపు వెనక్కి పోయి, గొంతులో వేళ్లు పెట్టుకుని, తాగినదంతా కక్కింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. తిరుగు ప్రయాణంలో రవీందర్ అన్నను ఒళ్లో పడుకోబెట్టుకుని, వదినను ఏదో అడుగుతూ, ఆమె చెప్పింది వింటూ కూర్చున్నాడు. అన్నదమ్ములు కలిశారు. దేవవ్వ కోరుకున్నదే. వనిత పడవ చివర క్యాన్ పక్కన ఒంటరిగా కూర్చుంది. 

ఊరికి ఏ కథ పోతుందో వనితకు అక్కడే తెలిసిపోయింది. మొగుడి కోసం విషమని తెలిసీ తాగిన ఇల్లాలు కల్పన. మనిషి పడి కొట్టుకుంటున్నా నీళ్ల మీద కూర్చున్నది వనిత. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మొన్నటి దాకా ఆమె మీద ఉన్నది నింద. ఇకనుంచి నింద కాదు.

రేవులో చిన్న ఆసుపత్రి ఉంది. వీరేందర్‌కు సెలైన్ పెట్టారు. కాసేపటికి నొప్పి తగ్గిందని, ఏం భయం లేదని రవీందర్ బయటికొచ్చి చెప్పాడు. చెప్పింది తల్లికి. పెళ్లాం అక్కడే ఉన్నా ఆమె వైపు చూడలేదు.

దేవవ్వ బయట బెంచీ మీద కూర్చుంది. పొద్దుటి నుంచి మాత్ర వేసుకోలేదు. వనిత బండిలోంచి చెంబు తీసి, బాగా కడిగి, క్యాన్ నల్లా దగ్గర నింపింది. రోజూ ఇచ్చినట్టే రెండు చేతులతో పట్టుకుని అత్త ముందు నిలబడింది.

"అత్తా, మాత్ర ఏసుకో."

దేవవ్వ చెయ్యి చాచలేదు. "డబ్బ కొట్కపోంగ నువ్వు సూస్తనే ఉన్నవ్" అంది మెల్లగా.

 "నువ్వు గూడ సూసినవ్ గదత్తా. నువ్వెందుకు పిలవలె మరి?"

"నాకు గంత దూరం ఏడ కనవడ్తది బిడ్డా? నేను డబ్బను సూడలె. నీ మొకం సూసిన. నవ్వుతున్నవ్. ఏం సూసి నవ్వుతున్నదో అనుకున్న. గా డబ్బ పోయిందన్నంక సమజయింది."

ముసలమ్మ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వనిత ఏదో ఒకటి అనేది. దేవవ్వ చీర కొంగు ముడి విప్పి, మనవరాలిని పిలిచి, "స్వప్నా, గా దుకాన్ల ఒక నీళ్ల సీస తేపో" అంది. పిల్ల పరుగెత్తి తెచ్చింది. దేవవ్వ మూత తీయించుకుని, మాత్ర నోట్లో వేసుకుని, తల వెనక్కి వంచి తాగింది. మూతి తుడుచుకుంది. ఏమీ అనలేదు.

వనిత చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. మధ్యాహ్నం నుంచి ఆమె కూడా చుక్క తాగలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది. పారబోయడం దేనికి, తానైనా తాగుదామని చెంబు పైకెత్తి పెదవుల దాకా తెచ్చుకుంది. తాగలేకపోయింది.